కేరాఫ్ కంచరపాలెం: ఇంట్లో చూడబోయేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సినిమా 2018 సెప్టెంబర్ 7న థియేటర్లలోకి వచ్చింది. అప్పటి నుంచి ఎవరికి చెప్పినా తిరిగి అవే సందేహాలు వస్తున్నాయి. ఎక్కడ దొరుకుతుంది, పిల్లలతో చూడొచ్చా, ఎందుకింత నెమ్మదిగా ఉంది, ఆ చివర్లో జరిగిందేంటి. చుట్టాలకు, స్నేహితులకు విడివిడిగా చెప్పిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట రాశాను. కథలోని రహస్యం ఉన్న ప్రశ్నలను చివరి భాగంలో మాత్రమే ఉంచాను. ఇంకా చూడనివాళ్లు దయచేసి ఆ భాగం తెరవకండి.

## చూడకముందు

కథేంటో కొంచెం చెప్పండి, కానీ మొత్తం చెప్పేయకండి

విశాఖపట్నంలోని ఒక పేటలో నాలుగు ప్రేమకథలు పక్కపక్కనే నడుస్తాయి. సుందరం బడికెళ్లే పిల్లాడు, క్లాసులో సునీత అంటే ఇష్టం. జోసెఫ్ ఇరవైల్లో ఉన్న దుడుకు కుర్రాడు, భార్గవి అనే బ్రాహ్మణుల అమ్మాయిని ప్రేమిస్తాడు. గడ్డం అని అందరూ పిలిచే మనిషి వైన్ షాపులో పనిచేస్తాడు. రోజూ రాత్రి ముసుగులో వచ్చి మందు కొనుక్కెళ్లే సలీమా కళ్లు చూసి మనసు పారేసుకుంటాడు. రాజుకు 49 ఏళ్లు, ప్రభుత్వ ఆఫీసులో అటెండరు, పెళ్లి కాలేదు. అదే ఆఫీసుకు ఒడిశా నుంచి ఆఫీసరుగా వచ్చిన రాధకు 42 ఏళ్లు, భర్త పోయారు, ఎదిగిన కూతురు ఉంది.

ఇంతకు మించి తెలుసుకోకుండా చూడటమే మేలు. రివ్యూలు కూడా ముందుగా చదవకండి. కొన్ని రివ్యూలు తెలియకుండానే సగం రహస్యం బయటపెట్టేస్తాయి.

ఇందులో హీరో ఎవరు? తెలిసిన మొహం ఒక్కటైనా ఉందా?

విడుదలనాటికి లేదు. అలా ఉండటమే దీని బలం. రాజుగా సుబ్బారావు, రాధగా రాధాబెస్సీ, జోసెఫ్‌గా కార్తీక్ రత్నం, భార్గవిగా ప్రణీతా పట్నాయక్, గడ్డంగా మోహన్ భగత్, సలీమాగా ప్రవీణ పరుచూరి, సుందరంగా కేశవ కర్రి, సునీతగా నిత్యశ్రీ గోరు నటించారు. వీళ్ల చుట్టూ కనిపించే ఇరుగుపొరుగు, ఆఫీసువాళ్లు, అరుగు మీద కూర్చుని పంచాయితీ చేసే పెద్దమనుషులు పదుల సంఖ్యలో ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది అంతకుముందు కెమెరా ముందు నిలబడని కంచరపాలెం మనుషులే.

ఒక హీరో, అతని చుట్టూ మిగతావాళ్లు అనే అమరిక ఇందులో ఉండదు. ఎనిమిది మంది ముఖ్యపాత్రల మధ్య కథ సమానంగా నడుస్తుంది. అందుకని మొదటి పది నిమిషాల్లో ఎవరిని పట్టుకోవాలో తెలియక తికమక పడితే కంగారు పడకండి. అందరూ గుర్తుండిపోతారు.

నిజంగా కంచరపాలెం అనే ఊరు ఉందా?

ఉంది. విశాఖ నగరంలో భాగమే. బయటివాళ్లకు వైజాగ్ అంటే బీచ్ రోడ్డు, కైలాసగిరి గుర్తొస్తాయి. కంచరపాలెం ఆ వైజాగ్ కాదు. రైల్వే లైన్లు, చిన్న ఉద్యోగాలు, దగ్గర దగ్గరగా కట్టుకున్న ఇళ్లు ఉన్న పేట అది. పాలిటెక్నిక్, ఐటీఐ అక్కడే ఉండటంతో ఉత్తరాంధ్ర జిల్లాల్లో చాలామందికి చదువుకునే రోజుల నుంచే ఆ పేరు తెలుసు. నేను విశాఖ మనిషిని. మా ఊరిని పోస్ట్‌కార్డు బొమ్మలా కాకుండా వాకిళ్లతో, సందులతో తెరమీద చూసుకున్నది ఈ సినిమాలోనే.

ఇండిపెండెంట్ సినిమా అంటారు, మరి సురేష్ ప్రొడక్షన్స్ పేరు ఎందుకుంది?

తీయడం వేరు, విడుదల చేయడం వేరు. సినిమా తీసేటప్పుడు వెనకాల పెద్ద సంస్థ ఏదీ లేదు. వెంకటేష్ మహాకు దర్శకుడిగా ఇది మొదటి సినిమా. డబ్బు పెట్టింది ప్రవీణ పరుచూరి. ఆమె అమెరికాలో గుండె వైద్యురాలు. సలీమా పాత్ర కూడా ఆమే వేశారు.

సినిమా పూర్తయ్యాక రానా దగ్గుబాటి చూసి సమర్పకుడిగా నిలబడ్డారు, సురేష్ ప్రొడక్షన్స్ విడుదల చేసింది. పేరున్న నటులు లేని సినిమాకు థియేటర్లు దొరకడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకు ఈ సాయం విలువ అర్థమవుతుంది. దానికి ముందే 2018లో న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కు ఎంపికైంది. ఆ పండుగకు వెళ్లిన మొదటి తెలుగు సినిమా ఇదే.

పిల్లలతో, పెద్దవాళ్లతో కూర్చుని చూడొచ్చా?

పెద్దవాళ్లతో తప్పకుండా చూడండి. నడివయసు దాటినవాళ్లు రాజు, రాధల కథలో లీనమైనంతగా కుర్రవాళ్లు కారు.

పిల్లల విషయంలో కాస్త ఆలోచించాలి. అసభ్యమైన దృశ్యాలు లేవు. కానీ ఒక ముఖ్యపాత్ర సెక్స్ వర్కర్, మందు షాపు తరచుగా కనిపిస్తుంది, మనసును కలచివేసే మరణాలు ఉన్నాయి. వాటిలో ఒకటి బడిపిల్లాడి కథలోనే వస్తుంది. పదమూడు పద్నాలుగేళ్లు దాటిన పిల్లలైతే పక్కన కూర్చుని చూపించండి, అడిగితే దాచకుండా చెప్పండి. అంతకన్నా చిన్నవాళ్లకు నేనైతే చూపించను.

## ఎక్కడ, ఎలా చూడాలి

ఏ ఓటీటీలో ఉంది?

థియేటర్ల తర్వాత నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఇళ్లకు చేరింది. యాప్‌లో వెతికేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో 'కంచరపాలెం' అని మాత్రమే కొట్టండి. ముందున్న 'కేరాఫ్' అనే మాటను సి, ఓ అక్షరాల మధ్య గీతతో రాస్తారు కాబట్టి, ఆ గీత లేకుండా కొట్టి 'లేదేంటి' అనుకున్నవాళ్లు నాకు తెలుసు. ఓటీటీ హక్కులకు గడువు ఉంటుంది, దేశాన్ని బట్టి కూడా మారతాయి. చుట్టాలందర్నీ పిలిచి చూడాలనుకుంటే ముందురోజే యాప్ తెరిచి ఉందో లేదో చూసుకోండి.

డీవీడీ కొని దాచుకోవాలని ఉంది, దొరుకుతుందా?

ఈ ప్రశ్న ఎక్కువగా యాభై దాటినవాళ్లు అడుగుతారు. వాళ్ల కోరిక నాకు బాగా అర్థమవుతుంది. 2000ల్లో మన వీధి చివర సీడీ షాపులో అద్దెకు తెచ్చుకునేవాళ్లం. 2007 ప్రాంతంలో మోసర్ బేర్ అనే డిస్కుల కంపెనీ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టాక మామూలు ఇళ్లలో కూడా సినిమాల పెట్టె ఒకటి తయారైంది. అమెరికాలో ఉన్నవాళ్లు ఇండియన్ సరుకుల కొట్టులో పప్పు, ఉప్పుతో పాటు తెలుగు డీవీడీ కూడా తెచ్చుకునేవాళ్లు.

ఈ సినిమా వచ్చేనాటికి ఆ వ్యాపారం దాదాపుగా ఆగిపోయింది. 2018లో చిన్న సినిమాలకు థియేటర్ తర్వాత మిగిలిన దారి ఓటీటీ, టీవీ హక్కులే. అందుకని ఎవరైనా దీని డీవీడీ అని తక్కువ ధరకు ఇస్తుంటే అది ఇంటర్నెట్‌లోంచి దింపి రాసిన దొంగ కాపీ అనుకోవచ్చు.

అయినా డిస్క్ లేకపోవడం నాకు బాధగానే ఉంది. డిస్క్ ఉంటే దర్శకుడి వ్యాఖ్యానం, తీసేసిన సీన్లు, ఆ పేటవాళ్లతో మాటామంతీ అన్నీ దానితో పాటు ఉండేవి. ఆ పెద్దమనుషులను ఎలా ఒప్పించారు, ఎన్నిసార్లు సాధన చేయించారు అనేవి వాళ్ల నోటితోనే వినగలిగేవాళ్లం. ఓటీటీలో సినిమా మాత్రమే ఉంటుంది. ఇలాంటి సినిమాలకు నిర్మాతలు ఎప్పటికైనా మంచి డిస్క్ తీసుకురావాలని నా కోరిక.

149 రూపాయల ప్లాన్ ఉంది, టీవీలో వస్తుందా?

రాదు. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో మన దేశంలో ధరలు తగ్గించినప్పుడు మొబైల్ ప్లాన్ 199 నుంచి 149కి దిగింది. అది ఫోన్లో, ట్యాబ్‌లో మాత్రమే పనిచేస్తుంది. టీవీలో చూడాలంటే దాని పైదైన బేసిక్ ప్లాన్ అయినా ఉండాలి. అదే రోజు బేసిక్ ధర 499 నుంచి 199కి తగ్గింది.

ఈ సినిమాను మాత్రం టీవీలోనే చూడమని చెబుతాను. ఒకే ఫ్రేములో ఐదారుగురు ఉండే సీన్లు చాలా ఉన్నాయి. మాట్లాడేవాళ్ల మొహం కన్నా వెనకాల వింటున్నవాళ్ల మొహం ఎక్కువ చెబుతుంది. ఫోన్ తెరమీద ఆ వెనకాలవాళ్లు కనిపించరు.

డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే ఎప్పటికీ ఉంటుందా?

ఉండదు. యాప్‌లో చేసుకునే డౌన్‌లోడ్ మీ సొంతం కాదు. దానికి గడువు ఉంటుంది, కొన్నిటికైతే చూడటం మొదలుపెట్టిన 48 గంటల్లోనే ముగుస్తుంది. సినిమా ఆ యాప్‌లోంచి వెళ్లిపోతే డౌన్‌లోడ్ కూడా పోతుంది. రైలు ప్రయాణానికి బాగానే పనికొస్తుంది కానీ దాచుకోవడానికి కాదు.

ఎవరో ఫుల్ మూవీ లింకు పంపారు, అందులో చూస్తే ఏమవుతుంది?

దయచేసి చూడకండి. పెద్ద సినిమాకు పెట్టిన డబ్బు మొదటి మూడు రోజుల్లో థియేటర్లలో రావచ్చు. ఇలాంటి సినిమా మాత్రం నోటిమాటతో నెమ్మదిగా బతుకుతుంది. ఇళ్లలో ఎంతమంది చూశారు అనే లెక్క మీదే తర్వాతి చిన్న సినిమాకు ధర పలుకుతుంది. ఇంకో సంగతి, ఆ లింకుల్లో శబ్దం బాగుండదు. ఈ సినిమాకు మాటే ప్రాణం.

మా పిల్లలకు తెలుగు అంతగా రాదు, సబ్‌టైటిల్స్‌తో చూస్తే అర్థమవుతుందా?

కథ పూర్తిగా అర్థమవుతుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉన్నాయి. పోయేది యాస. ఉత్తరాంధ్రలో 'ఏటి' అన్న చిన్న మాటలో కోపం, ప్రేమ, ఆశ్చర్యం అన్నీ పలుకుతాయి, ఇంగ్లీషులో అన్నిచోట్లా ఒకటే మాట కనిపిస్తుంది. పిల్లలతో చూసేటప్పుడు మధ్యలో ఆపి వివరించకండి, వాళ్లను చదువుకోనివ్వండి. అయ్యాక కూర్చుని మాట్లాడుకోండి.

తమిళంలో ఇదే కథతో ఒకటి కనిపించింది, ఏది చూడాలి?

అది 2021లో వచ్చిన రీమేక్, పేరు కేరాఫ్ కాదల్. దర్శకుడు హేమంబర్ జాస్తి. జోసెఫ్‌గా తెలుగులో చేసిన కార్తీక్ రత్నమే అందులోనూ చేశారు. ముందు తెలుగుదే చూడండి. ఈ కథ మొదటిసారి చూసినప్పుడు కలిగే అనుభవం రెండోసారి ఉండదు. ఆ ఒక్కసారిని సొంత భాషకే ఇవ్వండి.

## చూస్తుండగా

అరగంట అయింది, ఇంకా ఏమీ జరగట్లేదు. ఆపేయనా?

ఆపకండి. ఈ ఒక్క మాట కోసమే ఈ ప్రశ్నలన్నీ రాయడం మొదలుపెట్టాను. థియేటర్లో అయితే తలుపులు మూసి ఉంటాయి, కూర్చుంటాం. ఇంట్లో రిమోట్ చేతిలో ఉంటుంది, చాలామంది సరిగ్గా ఇరవయ్యో నిమిషం, ముప్పయ్యో నిమిషం దగ్గర వదిలేశామని నాతో చెప్పారు.

మొదట్లో జరుగుతున్నది ఏమీ లేనట్టే అనిపిస్తుంది. ఒక పిల్లాడు ఒక అమ్మాయి వైపు చూస్తాడు. ఒక మనిషి రాత్రి కోసం ఎదురుచూస్తాడు. పెళ్లి కాని రాజు గురించి ఊరంతా గుసగుసలాడుతుంది, అతని మగతనాన్నే అనుమానించి పంచాయితీ పెట్టేదాకా వెళుతుంది. ఇవన్నీ మన వీధుల్లో రోజూ జరిగేవే, అందుకే కథలా అనిపించవు. ఆ మనుషులు మనకు అలవాటు కావడానికి దర్శకుడు తీసుకున్న సమయం అది. రెండో సగం ఆ అలవాటు మీదే నిలబడుతుంది.

మాటలు సరిగా వినపడట్లేదు, మా టీవీ సమస్యా?

కొంత టీవీది, కొంత సినిమాది. డబ్బింగ్ థియేటర్లో శుభ్రం చేసిన గొంతుల్లా కాకుండా వీధిలో విన్నట్టే మాటలు ఉంటాయి. ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడుతుంది, వెనకాల పేట చప్పుళ్లు వస్తుంటాయి. టీవీ సెట్టింగుల్లో మాటలను స్పష్టంగా చేసే ఆప్షన్ ఉంటే పెట్టుకోండి. ఫ్యాన్ కాస్త తగ్గించండి. యాస కొత్త అయితే మొదటి పదిహేను నిమిషాలు కష్టంగా ఉంటుంది, తర్వాత చెవి సర్దుకుంటుంది.

కొంతమంది నటన తడబడుతున్నట్టు ఉందేంటి?

అవును, కొన్నిచోట్ల తెలుస్తుంది. ఒకరిద్దరు మాట అప్పజెప్పినట్టు అంటారు. నాకు మాత్రం అది లోపంగా అనిపించలేదు. సుబ్బారావు ఆఫీసులో ఫైలు పట్టుకుని నిలబడే తీరు, పై అధికారి ముందు భుజాలు దించే తీరు చూడండి. అది నేర్పితే వచ్చేది కాదు. ఇంత సహజం వచ్చినచోట అక్కడక్కడ తడబాటు కూడా ఉంటుంది.

రెండు మూడు రోజులు ముక్కలుగా చూడొచ్చా?

వద్దు. రెండున్నర గంటలు ఒకే రాత్రికి కేటాయించండి. నాలుగు కథలూ ఒకదానిలోంచి ఒకదానిలోకి వెళుతుంటాయి. ఒక సీను చివర మాట ఇంకో కథలో మొదటి సీనుకు జవాబులా ఉంటుంది. ఎడిటర్ రవితేజ గిరిజాల అల్లిన ఆ వరుస మధ్యలో తెగితే ఎక్కడ ఉన్నామో మళ్లీ వెతుక్కోవాలి. తప్పనిసరైతే సగం దగ్గర ఒక్కసారి ఆపండి.

పాటలు దాటేయొచ్చా?

దాటేయకండి. స్వీకార్ అగస్తి పాటలు కథను ఆపవు, ముందుకు తీసుకెళతాయి. ముఖ్యంగా విశ్వ రాసి, అనురాగ్ కులకర్ణి పాడిన 'ఆశా పాశం' దగ్గర రిమోట్ దూరంగా పెట్టండి.

## చూశాక (రహస్యం ఉంది, చూడనివాళ్లు చదవకండి)

క్లైమాక్స్ అర్థం కాలేదు. సుందరం, జోసెఫ్, గడ్డం, రాజు ఎవరు?

నలుగురూ ఒక్క మనిషే. మనం నాలుగు ప్రేమకథలు అనుకుని చూసింది రాజు అనే ఒక్కడి జీవితం. బడిలో సునీతను పోగొట్టుకున్న పిల్లాడే ఇరవైల్లో భార్గవిని, ముప్పైల్లో సలీమాను పోగొట్టుకున్నాడు. 49 ఏళ్ల దాకా ఎందుకు పెళ్లి చేసుకోలేదని ఊరు పంచాయితీ పెట్టి అడిగిన ప్రశ్నకు సినిమా మొత్తం జవాబు.

ఆ క్షణంలో మొదటిసారి చూసినప్పుడు నాకు ఊపిరాడలేదు. అంతకుముందు నవ్వుకున్న పంచాయితీ సీను ఒక్కసారిగా వేరేలా గుర్తొచ్చింది. మా అమ్మ మాత్రం గడ్డం కథ సగంలోనే 'వీడే ముసలాడవుతాడు చూడు' అంది. ఎలా తెలిసిందంటే 'బాధ పడే తీరు ఒకటే కదరా' అంది.

పేర్లు, మొహాలు, మతాలు వేరుగా ఉన్నాయి కదా, ఇది మోసం కాదా?

కాదు. వయసు మారితే నటుడు మారడం సినిమాల్లో ఎప్పుడూ ఉన్నదే. మామూలుగా ముందుగా చిన్నప్పటి కథ, తర్వాత పెద్దయ్యాక అని వరుసగా చెబుతారు. ఇక్కడ ఆ వరుసను విప్పి పక్కపక్కన పెట్టారు, అంతే. పేర్ల విషయానికొస్తే, మన ఇళ్లలో సర్టిఫికెట్ పేరు ఒకటి, ఇంట్లో పిలిచేది ఒకటి, వీధిలో తగిలించేది ఇంకొకటి ఉండటం కొత్త కాదు. గడ్డం అన్నది అసలు పేరే కాదు కదా, దాన్ని మనం మొదటి నుంచీ అనుమానించకుండా ఒప్పుకున్నాం.

జోసెఫ్ అన్న పేరు వినగానే అతను వేరే మతంవాడు కాబట్టి వేరే మనిషే అని మనసులో గీత గీసుకున్నది మనమే. సినిమా ఆ గీతను చివర్లో మన కళ్లముందే చెరిపేసింది. నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

అంటే నాలుగు కథలూ వేర్వేరు కాలాల్లో జరిగాయా? ఆనవాళ్లు ఏమైనా ఉన్నాయా?

అవును. రాజుకు 2018 ప్రాంతంలో 49 అనుకుంటే పుట్టింది 1969 దరిదాపుల్లో. బడిలో సునీత, సుందరం ఎంచుకున్న పాట 'భలే భలే మగాడివోయ్' గుర్తుందా? అది 1978లో వచ్చిన మరోచరిత్రలోది. తొమ్మిదేళ్ల పిల్లాడికి ఆ రోజుల్లో అది సరికొత్త పాట. మనం చూసేటప్పుడు పాతపాట వేశారులే అనుకుని వదిలేశాం.

కాలాన్ని పట్టిచ్చే వస్తువులను కెమెరా కావాలనే దూరంగా ఉంచింది. వరుణ్ చాపేకర్, ఆదిత్య జవ్వాది తీసిన ఫ్రేములు మొహాలకు, గోడలకు, సందులకు దగ్గరగా ఉంటాయి.

నాలుగు కథల్లో మూడు విషాదమే, ఇంత బాధ అవసరమా?

నాకూ సలీమా కథ దగ్గర ఆ ప్రశ్న వచ్చింది. ఆమె చావు అంత హఠాత్తుగా రావడం ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. కానీ గమనించండి, ప్రతిసారీ అడ్డుపడింది వేరే వేరే చెయ్యి. ఒకసారి కన్నతండ్రి, ఒకసారి కులం, మతం, ఒకసారి ఆమె బతుకుతెరువును ఒప్పుకోని మనుషులు. చివర వయసు, వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవడమేంటన్న మాటలు. నాలుగోసారి మాత్రం రాధ వెనక్కి తగ్గలేదు. ముందున్న మూడూ లేకపోతే ఆమె తెగింపు ఎంత పెద్దదో మనకు తెలిసేది కాదు.

రెండోసారి చూస్తే ఏం గమనించాలి?

రాజు మౌనాన్ని చూడండి. మొదటిసారి అది మంచితనంలా, కాస్త అమాయకత్వంలా కనిపించింది. రెండోసారి అతను మాట్లాడకుండా ఉన్న ప్రతిచోటా ఒక పేరు దాగి ఉందని తెలుస్తుంది. రాధతో మాట్లాడేటప్పుడు అతని జాగ్రత్త చూడండి. విగ్రహాలు చేసే తండ్రి, ఆ విగ్రహం మీద కోపం తీర్చుకున్న పిల్లాడు, తర్వాత ఆ ఇంట్లో జరిగిన చావు తెలిసి చూస్తే రాజు ముఖంలోని నిదానం వేరేలా ఉంటుంది.

ఈ టీమ్ తర్వాత ఏం చేసింది?

వెంకటేష్ మహా రెండో సినిమా ఉమామహేశ్వర ఉగ్రరూపస్య. మలయాళ సినిమాకు రీమేక్. 2020 జూలై 30న థియేటర్లకు వెళ్లకుండా నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లోనే విడుదలైంది, అప్పుడు కరోనాతో థియేటర్లు మూతపడి ఉన్నాయి. ప్రవీణ పరుచూరి దర్శకురాలై 2025లో 'కొత్తపల్లిలో ఒకప్పుడు' అనే సినిమా తీశారు, దానికీ రానానే సమర్పకుడు. కంచరపాలెం నచ్చినవాళ్లు ముందుగా ఉమామహేశ్వర చూడండి. అరకు లోయలో తీశారు, అందులోనూ ఊరివాళ్లు ఊరివాళ్లలాగే ఉంటారు.